రోడ్డుకు కాపలా సరే, గ్రామసభ ఎక్కడ?

ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలో రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర మావోయిస్టులు చంపారు. ఆ కేసులో నిందితులుగా చూపిన 121 మంది ఆదివాసీలను 2022 జూలైలో కోర్టు నిర్దోషులుగా వదిలింది. అప్పటికే వాళ్లలో చాలామంది దాదాపు ఐదేళ్లు జైల్లో మగ్గారు. ఆ ఐదేళ్లకు జవాబుదారీ ఎవరు?

2021 మేలో సిల్గేర్‌లో పోలీసు క్యాంపు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. ప్రశ్నించిన వాళ్లందరికీ అభివృద్ధి వ్యతిరేకులనే ముద్ర వేశారు.

పరిశోధన పని మీద భద్రాచలం వైపు గుత్తికోయల గూడేలకు వెళ్తుంటాను. అటునుంచి వలసొచ్చిన ఒక పెద్దాయన నాతో అన్నాడు: "రోడ్డు వద్దని ఎవరన్నారు సారూ? కాన్పుకు అంబులెన్సు రావద్దా? మమ్మల్నొక్క మాట అడగరేం?"

అలా అడగమనే 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టుకు భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. ఇది సర్కారు దయ కాదు, ఆదివాసీల హక్కు. కాంట్రాక్టరు యంత్రాలకు వందల మంది సాయుధుల్ని పంపగలిగిన ప్రభుత్వం, గ్రామసభకు ఒక్క అధికారిని పంపలేదా? బిడ్డల్ని కాపలాకు పంపి పోగొట్టుకున్న పేద తల్లుల తరఫున కూడా ఈ ప్రశ్న అడుగుతున్నాను.