480 నామినేషన్ల బాకీ

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. అన్ని పేర్లూ అన్ని గుర్తులూ ఒక కాగితం మీద పట్టక బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చు వేయాల్సి వచ్చింది. పోటీదారుల్లో అత్యధికులకు గెలుస్తామన్న ఆశ లేదు, ప్రచారం చేసే ఉద్దేశమూ లేదు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపు మీద, పోతాయని తెలిసే డిపాజిట్లు కట్టిన వాళ్లు వాళ్లు. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలని ఏళ్ల తరబడి పాదయాత్రలు చేసి, ధర్నాలకు కూర్చుని, అర్జీలు రాసి రాసి విసిగిన జనం ఆఖరికి నామినేషన్ పత్రాన్నే అర్జీగా మార్చుకున్నారు.

ఆ ఎన్నికలో సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. మిగిలిన వాళ్లలో దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. మరి అర్జీ ఢిల్లీకి చేరిందా? చేరింది. అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి ఏకంగా 10 వేలకు పెంచారు. తర్వాత అది 25 వేలయింది. తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి కూడా ఆ ఏడాదే 1,033 మంది నిలబడ్డారు కాబట్టి సవరణకు కారణం ఒక్క నల్లగొండే అనలేం. కానీ జరిగిన వరస చూడండి. గుక్కెడు మంచినీళ్లు అడిగిన వాడికి ముందుగా అందిన జవాబు, అడగడానికి కట్టాల్సిన రుసుము పెంపు. అయినా ఆ దారి మూతపడలేదు. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు తమ పంటకు బోర్డు కావాలని అదే పని చేశారు, బరిలో 185 మంది తేలారు. పసుపు బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ఓట్లు రాకపోయినా నామినేషన్లు పనిచేస్తాయని నల్లగొండ ముందే చూపించింది.

నల్లగొండకు నీళ్లు ఇచ్చింది మేమంటే మేమని పార్టీలు పోటీ పడుతున్నాయి కాబట్టి ఈ పాత కథను తిరగదోడుతున్నాం. నీళ్లు తెచ్చింది ఊళ్లు. ప్రభుత్వాలు ఆలస్యంగా పైపులు వేశాయి. అందులోనూ బాకీ సగమే తీరింది.

ఇవ్వాల్సిన మార్కులు ముందు ఇచ్చేద్దాం. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించి మొదలుపెట్టిన ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ చిన్న పనేమీ కాదు. తెలంగాణలో 2015 నాటికి 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలుంటే 2020 ఆగస్టు నాటికి ఆ సంఖ్య సున్నా అయిందని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఇంటి ముందు నల్లా తిప్పితే నది నీళ్లు రావడమంటే ఏమిటో, బోరింగు కొట్టీ కొట్టీ నడుం వంగిన తరానికి చెప్పనక్కర్లేదు. ఆ పని చేసిన వాళ్లను మెచ్చుకోవడానికి మాకేమీ మొహమాటం లేదు.

కానీ ఆ సున్నా దేని లెక్క? నీటి వనరుల లెక్క. మనుషుల లెక్క కాదు. ఒకసారి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ పైపులైను వచ్చిందని బయటికి పోదు. గారపట్టిన పళ్లు, బిగుసుకున్న మెడ, వంగిన వెన్ను, కుక్కి మంచం మీంచి లేవలేని కాళ్లు సున్నా అని రాసిన రోజు ఎలా ఉన్నాయో మర్నాడూ అలాగే ఉన్నాయి. ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, ముదిరాక దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. తిండి సరిగా లేని ఒంటిని అది మరింత గట్టిగా పట్టుకుంటుందన్నది వైద్యులకు ఏనాటి నుంచో తెలిసిన విషయమే. అంటే ఒకే ఊళ్లో ఒకే బోరు నీళ్లు తాగినా పాలు, గుడ్లు దొరికిన ఇల్లు ఒకలా, గట్క తాగిన ఇల్లు ఇంకోలా దెబ్బతిన్నాయి. ఇరవై లీటర్ల క్యాను కొనగలిగిన వాళ్లు ముందే తప్పుకున్నారు. చేలో మోటారు కాడ దోసిలి పట్టిన కూలి తప్పుకోలేదు. అందుకే దీన్ని నీటి సమస్యగా కంటే న్యాయం సమస్యగా చూడాలంటున్నాం.

ఇక్కడ అధికారులు తరచు చెప్పే మాట ఒకటుంది: ఇది ప్రకృతి వైపరీత్యం, ఎవరినీ తప్పు పట్టలేం అని. నల్లగొండ గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉండటం ప్రకృతే. దాన్ని కాదనేదెవరు? కానీ ఎముకల ఫ్లోరోసిస్ మన దేశంలో ఉందని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వైద్యులు 1937లోనే రాశారు. నల్లగొండలో అది ఉందని నిజాం కాలంలోనే బయటపడింది. తెలిశాక కూడా పల్లె దాహానికి మందు బోరింగేనని దశాబ్దాల పాటు రిగ్గులు పంపింది ప్రకృతి కాదు, ప్రభుత్వం. వానలు పోయి, చెరువులు పూడి, నీటిమట్టం పడిపోతున్న కొద్దీ బోర్లు మరింత లోతుకు దిగాయి. రాతితో ఎక్కువ కాలం చెలిమి చేసిన నీరు పైకి వచ్చింది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని, ఇంకో దారి లేకపోతే ఒకటిన్నర వరకు తాగవచ్చని భారత ప్రమాణాలు చెబుతుంటే, దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు అంగన్‌వాడీ పిల్లల గ్లాసుల్లోకి వెళ్లాయి.

పరిష్కారం తెలియక కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఫ్లోరైడ్ పీడ ఉన్న టాంజానియా దాకా ఆ పేరు వెళ్లింది. ఈ జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది గానీ ఈ జిల్లా ఇళ్లలో ఆ పద్ధతి నిలవలేదు. రోజూ కొలత తప్పకుండా పటిక వేయడం, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పారబోయాలో చూసుకోవడం, పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలి నెత్తిన పెట్టిన పని అయింది. నది నీళ్లు ఇవ్వడం తప్ప దారి లేదని ఊళ్లు మొదటి నుంచీ అన్నది అందుకే.

ఆ నది నీళ్లు రాలేదా అంటే, పక్క నుంచే వెళ్లాయి. నాగార్జునసాగర్ జలాశయం అంచున పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లి రిజర్వాయరు చేరి, కోదండాపురంలో శుద్ధయి, 2004 నుంచి హైదరాబాద్‌కు పోతున్నాయి. రాజధాని దాహం తీరాల్సిందే, అందులో వివాదం లేదు. మహానగరానికి అంత దూరం పైపు వేయగలిగిన చేతులకు దారిలోని పల్లెలు కనిపించడానికి ఇంకో పదేళ్లకు పైగా పట్టింది. దీన్ని రాతి మీదికి నెట్టలేం.

జపాన్‌లోని మినమాట తీరంలో పాదరసం కలిసిన చేపలు తిని వేలమంది అవిటివాళ్లయితే, దోషి ఒక కర్మాగారమని తేలింది. బాధితుల ఉద్యమం, కోర్టు తీర్పుల ఒత్తిడితో 1973లో కాలుష్య బాధితుల పరిహార చట్టం వచ్చింది, బాధితులుగా ధ్రువీకరించే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతి మీద అక్కడ నేటికీ పేచీలున్నాయి, అది వేరే సంగతి. మన దగ్గర దోషి కంపెనీ కాదు, నిర్లక్ష్యం. అందుకే బాధితుడన్న గుర్తింపే ఎవరికీ దక్కలేదు.

ఆ గుర్తింపు సంగతే కాస్త వివరంగా చూడాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. కుష్ఠు నయమైన వాళ్లు, యాసిడ్ దాడి బాధితులు, మరుగుజ్జులు, కండరాల క్షీణత ఉన్న వాళ్లు అందులో పేరుపేరునా ఉన్నారు. ఫ్లోరోసిస్ లేదు. కాబట్టి మర్రిగూడ మనిషి వైకల్య శాతం తేల్చే సదరం శిబిరానికి వెళితే, కీలు ఎంత వంగుతుంది, చెయ్యి ఎంత లేస్తుంది అన్న మామూలు కొలతలే. 40 శాతం వస్తే పింఛను, 39 వస్తే ఇంటికి. రాత్రిళ్లు నిద్ర పట్టనీయని నొప్పికి, కూలికి పిలవని మేస్త్రీకి, సంబంధాలు తప్పిపోయిన పెళ్లికి ఆ కొలతలో గడి లేదు. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. 6 వేలు చేస్తామని ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ మాట ఇచ్చింది. మొత్తం ఎంతన్నది తర్వాతి ప్రశ్న. అసలు గడపలోకే రానివ్వకపోతే నాలుగు వేలైతేనేం, ఆరు వేలైతేనేం?

శివన్నగూడెంకు చెందిన అంశాల స్వామిని ఈ జిల్లా మరిచిపోకూడదు. ఫ్లోరోసిస్ మెలితిప్పిన ఆ చిన్న శరీరాన్ని ఢిల్లీకి తీసుకెళ్లి ప్రధాని వాజపేయి ముందుంచారు. ఆ ఒక్క దృశ్యం చేసిన పని వంద నివేదికలు చేయలేదు. జాలి చూపులకు నమూనాగా మిగిలిపోకుండా ఆయన ఫ్లోరైడ్ విముక్తి పోరాటంలో నాయకుడిగా నిలిచారు. 2022లో మునుగోడు ఉప ఎన్నిక వచ్చినప్పుడు మంత్రి ఆయన ఇంటికి భోజనానికి వెళ్లారు. చౌటుప్పల్ ప్రాంతంలో ఫ్లోరైడ్ పరిశోధనా కేంద్రం పెడతామన్న 2016 నాటి కేంద్ర హామీ ఏమైందని అదే ఎన్నికలో రాష్ట్రంలోని అధికార పార్టీ, బీజేపీని నిలదీసింది. ప్రశ్న న్యాయమైనదే. ఓట్ల లెక్కింపు అయ్యాక ఆ ప్రశ్న మళ్లీ ఎవరి నోటా అంత గట్టిగా వినిపించలేదు. 2023 జనవరిలో స్వామి కన్నుమూశారు.

ఇక సాగునీరు. తాగడానికి నల్లా వచ్చాక కాలువెందుకని అడిగేవాళ్లున్నారు. బోరు నీటితో పండిన కూరలోనూ, చేలో దాహమేసి తాగిన నీటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. చెరువు నిండితేనే భూమిలోకి మంచి నీరు ఇంకి, కిందనున్న విషం పలచబడుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ కావాలని జలసాధన సమితి పట్టుబట్టింది ఇందుకే. శ్రీశైలం జలాశయం నుంచి దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వి, ఎత్తిపోతల కరెంటు ఖర్చు లేకుండా 30 టీఎంసీలు నల్లగొండకు తెచ్చే ఆ పని 2005లో మంజూరైంది. రెండు దశాబ్దాలు దాటినా సొరంగం ఈ కొస నుంచి ఆ కొసకు కలవలేదు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఆ సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. రెండు నెలలు గాలించినా రెండు మృతదేహాలే బయటికి వచ్చాయి. పొట్ట చేతపట్టుకుని జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి వచ్చిన వాళ్లు వాళ్లు. దోమలపెంట ఉన్న పాత పాలమూరు జిల్లాలో ఈ వార్త చదివిన ముసలివాళ్లకు వేరే చెప్పాలా? దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి మట్టి మోసింది పాలమూరు లేబరు. బొంబాయి బస్సెక్కిన కుటుంబాలు ఆ జిల్లాలో ఏ ఊళ్లోనైనా ఉంటాయి. ఊరికి నీళ్లు లేక ఊళ్లు పట్టుకు పోయిన వాళ్ల గడ్డ మీద, పక్క జిల్లాకు నీళ్ల కోసం, ఇతర రాష్ట్రాల నుంచి పనికొచ్చిన వాళ్లు చనిపోయారు. నల్లగొండ దాహాన్ని చూపించి వాళ్ల ప్రాణాలను ఖర్చు పద్దులో రాసేయడానికి వీల్లేదు. సొరంగం పూర్తి కావాలి, కానీ లోపలికి దిగే మనిషి తిరిగి పైకి వస్తాడన్న భరోసాతోనే పూర్తి కావాలి. ఆ ప్రమాదంపై విచారణలో తేలిందంతా శాసనసభ ముందు పెట్టాలి. ఒకరి దాహాన్ని చూపించి ఇంకొకరి బతుకును ఖర్చు రాయకూడదన్న మాట మర్రిగూడ మండలంలో చర్లగూడెం రిజర్వాయరు నిర్వాసితులకూ వర్తిస్తుంది. ఫ్లోరైడ్ ఊళ్లకు నీళ్లిచ్చే చెరువు కోసం ఫ్లోరైడ్ ఊళ్ల వాళ్లనే సరైన పరిహారం లేకుండా లేపడం ఏ న్యాయం?

ప్రభుత్వం ముందున్న పనుల్లో ఏదీ గగనకుసుమం కాదు. ఫ్లోరోసిస్ ఉన్న ప్రతి మనిషిని ఇంటింటికీ వెళ్లి లెక్కించాలి. ఆ జాబితాను గ్రామసభలో చదివి ఆమోదం తీసుకోవాలి, కలెక్టరేట్‌లో కూర్చుని కోత కోయకూడదు. సదరంలో ఫ్లోరోసిస్‌కు వేరే కొలత పెట్టే పని రాష్ట్రం చేయగలిగితే చేయాలి, చట్టం అడ్డమంటే కేంద్రం చట్టాన్ని మార్చాలి. ఎంపీలు ఉన్నది అందుకే. చౌటుప్పల్ పరిశోధనా కేంద్రం సంగతి తేల్చాలి, కట్టలేమంటే కట్టలేమని చెప్పాలి. ఇంతకాలం నొప్పి మాత్రలతో సరిపెట్టిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కీళ్ల వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు వారానికోసారైనా కూర్చోవాలి.

అన్నిటికంటే చౌకైనది మరొకటుంది. పైపు పగిలిన వారం, మోటారు కాలిన వారం ఊరు ఏం తాగుతోంది? మళ్లీ పాత బోరే. కాబట్టి నల్లా నీటినీ, ఇంకా వాడుకలో ఉన్న ప్రతి బోరునూ పరీక్షించి ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయాలి. ఎంత ఫ్లోరైడ్ ఉందో తెలుసుకునే హక్కు తాగే వాడికి లేకపోతే ఎవరికుంటుంది?

సున్నా అని ఒకసారి పార్లమెంటుకు చెప్పాం కదా అని జిల్లా యంత్రాంగం నిశ్చింతగా ఉంటే ఊళ్లు ఊరుకోకూడదు. 1996లో 500 రూపాయలు కట్టి పోరాడాల్సి వచ్చింది. గ్రామసభలో ప్రశ్న అడగడానికి డిపాజిట్ లేదు. ఈసారి సభకు వెళ్లినప్పుడు మీ ఊరి నీటి పరీక్ష కాగితం చూపించమనండి. చూపించకపోతే, చూపించలేదనే మాట తీర్మానం పుస్తకంలో రాయించి సంతకాలు పెట్టండి.