మూడు మూతల నీళ్ళు

మా నాన్న ఆదివారం పొద్దున్నే ఫోన్ చేయరు. మూడున్నర గంటల తేడా లెక్క వేసుకుని, నేను లేచి కాఫీ తాగే వేళకి చేస్తారు. అందుకే 2024 సెప్టెంబర్ 1న ఇక్కడ ఇంకా ఆరు కాకుండానే ఆయన పేరు ఫోన్లో కనబడేసరికి గుండె ఝల్లుమంది.

"కంగారు పడకురా, మేం బాగానే ఉన్నాం. బండి ఆగిపోయింది, అంతే."

ఇక్కడ అంటే ఉంటర్‌ఫ్యోరింగ్. మ్యూనిక్‌ని ఆనుకుని, ఈసార్ నది పక్కన ఉన్న చిన్న ఊరు. టీవీ కంపెనీల ఆఫీసులు, ఇన్సూరెన్స్ ఆఫీసులు, ఎయిర్‌పోర్టుకి వెళ్ళే ఎస్8 రైలు. ఆ రైలు ఉండగా నాకు కారు అవసరం రాలేదు. అక్కడ అంటే విజయవాడ, సింగ్‌నగర్.

బుడమేరు సంగతి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. దాని నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువకి ఆ వానలకి గండ్లు పడ్డాయి. అదే సమయానికి కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. వాన తెరిపిచ్చాక నీళ్ళొచ్చాయి. అందుకే చాలామంది నమ్మలేదు. నాన్న మాత్రం వీధిలో మడమల్లోతు నీళ్ళు చూడగానే అమ్మని ఎక్కించుకుని, పటమటలో పిన్ని వాళ్ళింటికని కారు తీశారు. ఫ్లైఓవర్ ఎక్కేముందు రోడ్డు పల్లంగా ఉంటుంది. అక్కడ నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. మెల్లగా పోనిస్తుంటే ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. దాని అల బానెట్ మీదకి ఎగిరింది. బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఎవరో కుర్రాళ్ళు నలుగురు పుణ్యం కట్టుకుని ఫ్లైఓవర్ మీదకి తోశారు.

"ఒక అయిదు నిమిషాలు ఆరనిచ్చి స్టార్ట్ చేస్తాను," అన్నారు నాన్న. వెనకనుంచి ఒక కుర్రాడి గొంతు: "సెకండ్ గేర్లో వేసి క్లచ్ వదలండి అంకుల్, మేం తోస్తాం!"

నేను మంచం మీంచి లేచి నిలబడి అరిచాను. నాన్న మీద అరవడం నాకదే మొదటిసారి.

నేను చదివింది మెకానికల్. ఐసీ ఇంజన్స్ పరీక్ష రాసిన పదిహేడేళ్ళలో నేను స్పానర్ పట్టుకోలేదు. అయినా ఈ ఒక్క విషయం గుర్తుండటానికి కారణం వేరే. ఆ జూన్ మొదట్లోనే ఇక్కడ బవేరియాలోనూ వరదలొచ్చాయి. పఫెన్‌హోఫెన్ నుంచి వచ్చే మా ఆఫీసాయన కారు నీళ్ళున్న రోడ్డులో వెళ్ళి పాడయింది. జర్మన్లో దాన్ని వాసర్‌ష్లాగ్ అంటారు, నీటి దెబ్బ అని. మన మెకానిక్కులు హైడ్రోలాక్ అంటారు. ఆయన బాధ ఇంజన్ గురించి తక్కువ, ఇన్సూరెన్స్ గురించి ఎక్కువ. ఇక్కడ సాధారణంగా ఆగి ఉన్న కారు మీదకి వరదొస్తే తైల్‌కాస్కో అనే చిన్న పాలసీ చాలు. మనమే నీళ్ళలోకి తోలుకెళ్తే అది పనికిరాదు, పెద్ద పాలసీ ఉండాలి. నీళ్ళు కారు దగ్గరికి వచ్చాయా, కారు నీళ్ళ దగ్గరికి వెళ్ళిందా అన్నది ప్రశ్న.

నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర అరుపులు పనిచేయవు. అందుకని లెక్క చెప్పాను.

"నాన్నా, మనది 1200 సీసీ, నాలుగు సిలిండర్లు. ఒక్కోటి 300. పిస్టన్ పైకొచ్చినప్పుడు లోపలున్నదంతా పదకొండో వంతుకి నొక్కుకుపోవాలి. పైన ఎంత ఖాళీ మిగులుతుంది?"

ఫ్లైఓవర్ మీద, ఆ గోలలో, ఆయన లెక్క కట్టారు. "ముప్ఫై."

ముప్ఫై మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మూతతో మూడు మూతలు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. ఆ మూడు మూతలకి మించి నీళ్ళు లోపలుంటే పిస్టన్ పైదాకా రాలేదు. ఫ్లైవీల్ బరువో, స్టార్టర్ మోటారో, తోసే కుర్రాళ్ళ బలమో కిందనుంచి నెడుతూనే ఉంటుంది. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. (సైలెన్సర్లోకి నీళ్ళు పోతే ఇంజన్ పోతుందని మన దగ్గర అందరూ అంటారు. బండి నడుస్తున్నంతసేపూ పొగ వాటిని బయటికే తోస్తుంది. అసలు ప్రమాదం ముందువైపు, గాలి పీల్చుకునే గొట్టం దగ్గర.)

"అయితే తాళం తిప్పకూడదన్నమాట," అన్నారు నాన్న. ఆ మాటలో ఏదో తేడా ఉంది, నాకప్పుడు అర్థం కాలేదు. ఫోన్ అమ్మ తీసుకుంది. "తాళం ఇటివ్వండి," అనడం వినిపించింది. కొంగున ముడేసుకుందట. బండి ఫ్లైఓవర్ మీదే వదిలేసి, నడిచీ, ఎవరిదో ఆటో ఎక్కీ పటమట చేరారు.

ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. దాని గురించి మరోసారి రాస్తాను.

మెకానిక్ దొరకడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆటోనగర్లో ఎక్కడ చూసినా బురద పట్టిన స్కూటర్లు, ఆటోలే. ప్రభుత్వం తర్వాత టూవీలర్‌కి మూడు వేలు, ఆటోకి పది వేలు ప్రకటించింది. మా మెకానిక్ నెమ్మదస్తుడు. ముందు బ్యాటరీ వైరు పీకాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి పిండితే నీళ్ళు కారాయి. ఆయిల్ గేజ్ పుల్ల లాగి చూశాడు, పాలు కలిసిన టీ రంగు లేదు, నయం. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, కింద పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పాడు. వీడియో కాల్లో చూస్తున్నాను. మూడో సిలిండర్ నుంచి నీళ్ళు పిచికారీలా చిమ్మి అతని చొక్కా తడిసింది. మొత్తం వచ్చేసింది కదా అని నేనిక్కడ చప్పట్లు కొట్టాను. తర్వాత కంప్రెషన్ గేజ్ పెట్టాడు. మూడింట్లో ముల్లు దాదాపు ఒకే చోట ఆగింది. మూడో సిలిండర్లో తక్కువ. రాడ్ వంగింది.

వంగిన రాడ్‌తోనూ బండి నడుస్తుంది, కొన్నాళ్ళు. తర్వాత ఏ హైవే మీదో విరిగి, బ్లాక్‌కి చిల్లు పెట్టుకుని బయటికొస్తుంది. విప్పాల్సిందే.

ఆ రాత్రి నాన్న అడిగారు. "నీకు ఫోన్ చేసేముందు ఒకసారి తాళం తిప్పానురా. టక్‌మని ఆగిపోయింది. దానివల్లేనా?"

ఆగిపోయినప్పుడే వంగి ఉంటుందని చెప్పాను. అలా కావడానికే ఎక్కువ అవకాశం. కానీ ఆ రెండిట్లో ఏదో ఏ మెకానిక్కూ తేల్చలేడు.

క్లెయిమ్ ఫారం నింపేటప్పుడు ఆ సంగతి రాయొద్దన్నాను. రాశారు. "బండి ఆగిన తరువాత ఒకసారి స్టార్ట్ చేయడానికి ప్రయత్నించాను," అని, గుండ్రటి అక్షరాలతో, సంతకం పెట్టి. సీట్లకీ కార్పెట్‌కీ ఇచ్చారు. ఇంజన్‌కి ఇవ్వలేదు. వరదలో జరిగిన నష్టం వేరు, ఆ తర్వాత నడిపితేనో తిప్పితేనో జరిగిన నష్టం వేరు అన్నారు. పాలసీ ప్రకారం అది సబబే. రాడ్డు, బేరింగులు, గాస్కెట్టు, కూలీ కలిపి నలభై వేలు దాటింది. తాను నిజం రాయబట్టే డబ్బు పోయిందని నాన్న అనలేదు. అమ్మ అంది, రెండుసార్లు.

నేను చెప్పని సంగతి ఒకటుంది. ఆ పాలసీని ఏటా ఇక్కణ్ణుంచి ఆన్‌లైన్లో రెన్యూ చేసేది నేనే. ఇంజన్ ప్రొటెక్ట్ అని ఒక అదనపు కవర్ ఉంటుంది, ఇలాంటి దెబ్బ కోసమే. ముందు ఏడాది ఉంది. ఆ మే నెలలో నేనే టిక్కు తీసేశాను. నాన్న కూరగాయలకి తప్ప కారు తీయరు కదా, దండగ అనుకున్నాను.

పోయిన వారం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఎంతరా అది?"

"పద్నాలుగు వందల యాభై."

"రెన్యూవల్ ఎప్పుడు?"

"మేలో."

"ఈసారి నేను చేస్తాలే. ఆ వెబ్‌సైట్ ఏదో పంపించు."