ఏది బెస్టు అని కాదు, ఎందుకలా అని అడగండి

‘మీకు బాగా తెలిసిన యంత్రం ఏదైనా ఒకటి చెప్పండి. అదెలా పనిచేస్తుందో వివరించండి’. కోర్ కంపెనీల ఇంటర్వ్యూల్లో మెకానికల్ అభ్యర్థులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. సులువైనదే. కానీ చాలామంది ఇక్కడే దొరికిపోతారు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అని మొదలుపెట్టి, నాలుగు స్ట్రోకుల పేర్లూ గడగడా చెప్పేసి ఆగిపోతారు. ‘వాల్వ్ కాస్త ముందే తెరుచుకుంటే ఏమవుతుంది?’ అని అవతలివాళ్లు అడగ్గానే మౌనం. పేర్లు తెలుసు, కారణాలు తెలియవు. ఉద్యోగం ఉందా లేదా అన్నది చాలాసార్లు ఆ మౌనం దగ్గరే తేలిపోతుంది.

కారణాలు వెతికే అలవాటు చేసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రోడ్ బైక్ హ్యాండిల్ మీదుండే గేరు మీట చాలు. రోడ్ బైక్ అంటే మోటార్‌సైకిల్ కాదండోయ్, వంకీ హ్యాండిల్, సన్నటి టైర్లు ఉండే రేసు సైకిల్. హైదరాబాద్ ఔటర్ పక్కన సోలార్ పలకల కప్పు కింద వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తెల్లవారుజామున చూసే ఉంటారు. వీటి గేరు సరంజామాలో పేరున్న కంపెనీలు ముఖ్యంగా మూడు. జపాన్‌కు చెందిన షిమానో, ఇటలీకి చెందిన కాంపన్యోలో, అమెరికాకు చెందిన శ్రామ్. మూడూ చేసే పని ఒక్కటే: చైన్‌ను ఒక పళ్ల చక్రం మీంచి పక్క చక్రం మీదకు జరపడం. చేసే తీరు మాత్రం మూడింటిదీ వేరు.

సైకిల్ షాపుకెళ్తే ముందు అడిగే ప్రశ్న ‘ఏది బెస్టు?’. షాపువాడికి అది సరైన ప్రశ్నే. ఇంజినీరు కాబోయేవారికి మాత్రం అది చివరి ప్రశ్న కావాలి. ముందు అడగాల్సింది ‘ఎందుకు వేరు?’ అని.

మూడు చేతివాటాలు

ఒకప్పుడు గేరు మీట హ్యాండిల్ మీద ఉండేది కాదు. కింద ఫ్రేమ్ గొట్టానికి బిగించి ఉండేది. ఒక చెయ్యి వదిలి, వంగి, మీటను అందాజుగా జరపాలి. చైన్ సరిగ్గా కూర్చుందో లేదో చెవితో విని సర్దుకోవాలి. 1984లో షిమానో తన డ్యూరా-ఏస్ సెట్టులో మీటకు ‘క్లిక్’ తెచ్చింది. ఒక క్లిక్కుకి ఒక గేరు, అంతే. అందాజుతో పని లేదు. 1990లో ఆ మీటను తీసుకొచ్చి బ్రేకు లివర్‌తో కలిపేసింది. చెయ్యి హ్యాండిల్ మీంచి తియ్యకుండానే గేరు మార్చొచ్చు. బ్రేకు లివర్‌నే పక్కకు, లోపలివైపు నెడితే చైన్ పెద్ద చక్రం మీదకెక్కుతుంది. దాని వెనకున్న చిన్న మీట నొక్కితే చిన్న చక్రం మీదకు దిగుతుంది. ఇదంతా కుడిచేతి సంగతి, వెనక చక్రాల లెక్క.

కాంపన్యోలో 1992లో తన జవాబు ఇచ్చింది. బ్రేకు లివర్ పక్కకు ఊగడం వాళ్ల పద్ధతిలో లేదు, అది బ్రేకు మాత్రమే. దాని వెనక వేలితో నెట్టే మీట ఒకటి, లోపలివైపు బొటనవేలికి అందేలా మరొకటి. ఎక్కించడానికి వేలు, దించడానికి బొటనవేలు. పొరపాటున ఒకదానికి బదులు మరొకటి నొక్కే అవకాశం బాగా తక్కువ. పైగా బొటనవేలి మీటను గట్టిగా నొక్కితే ఒకేసారి నాలుగైదు గేర్లు దిగిపోయే ఏర్పాటు కూడా చేశారు.

శ్రామ్ రోడ్ బైక్ మీటలు తెచ్చింది చాలా ఆలస్యంగా, 2006లో. అప్పటికి బ్రేకు లివర్‌ను ఊపే దారి షిమానోది, బొటనవేలి దారి కాంపన్యోలోది. ఇక మిగిలిందేంటి? ఒకే మీటతో రెండు పనులూ చేయించడం. కొద్దిగా నెడితే ఒక క్లిక్కు, చైన్ చిన్న చక్రానికి దిగుతుంది. ఇంకాస్త లోపలిదాకా నెడితే పెద్ద చక్రానికెక్కుతుంది. దీన్ని డబుల్ ట్యాప్ అన్నారు. తెలివైన ఆలోచనే, కానీ దానికో మెలిక ఉంది. ఘాటు రోడ్డు మీద ఆయాసపడుతూ ఇంకా తేలిక గేరు కోసం నెట్టారనుకోండి. అప్పటికే అన్నిటికన్నా పెద్ద చక్రం మీద ఉంటే ఎక్కడానికి ఇంకో చక్రం లేదు. మీట వెనక్కి వచ్చేసరికి మొదటి క్లిక్కు మాత్రమే పనిచేసి, ఉన్న గేరు కాస్తా బరువైన గేరుకు పడిపోతుంది. ఎక్కువ దూరాలు తొక్కేవాళ్లు దీన్ని తిట్టుకోవడం మామూలే. అయినా నా దృష్టిలో మూడింటిలో విద్యార్థి విప్పి చూడదగ్గది ఇదే. చుట్టూ గోడలున్నప్పుడు మిగిలిన సందులోంచి దారి వెతికిన తీరు దాంట్లో కనిపిస్తుంది.

పేటెంట్ గడువు తీరడం కూడా ఒక అవకాశమే. వెనక చక్రం దగ్గర చైన్‌ను జరిపే భాగాన్ని డిరైలర్ అంటారు. దాన్ని ఏటవాలుగా కదిలేలా చేస్తే, పెద్దదైనా చిన్నదైనా ప్రతి పళ్ల చక్రానికీ దాదాపు ఒకే దూరంలో ఉంటూ చైన్‌ను శుభ్రంగా జరుపుతుంది. 1964లో ఈ పద్ధతి తెచ్చింది షిమానో కాదు, మరో జపాన్ కంపెనీ సన్‌టూర్. ఆ పేటెంట్ గడువు తీరగానే షిమానో ఏటవాలు డిరైలర్‌నూ తన క్లిక్ మీటనూ జతచేసింది. ఆ పోటీలో సన్‌టూర్ కోలుకోలేకపోయింది. కనిపెట్టినవాడు ఒకడు, మార్కెట్ గెలిచినవాడు ఇంకొకడు. పేటెంట్ సెర్చ్ చెయ్యడం తెలిసిన ఇంజినీరుకు డిజైన్ టీముల్లో విలువ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మిల్లీమీటర్‌లో మూడో వంతు

ఇప్పుడు అసలు సాంకేతిక విషయానికొద్దాం. ఒక కంపెనీ మీట, ఇంకో కంపెనీ డిరైలర్ కలిపి బిగిస్తే సాధారణంగా పనిచెయ్యదు. కంపెనీలు కావాలని పెట్టిన తిరకాసు అని చాలామంది అనుకుంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు గానీ, దాని వెనక గట్టి లెక్క ఉంది.

10 గేర్ల షిమానో క్యాసెట్‌లో ఒక పళ్ల చక్రానికీ పక్కదానికీ మధ్య దూరం 3.95 మిల్లీమీటర్లు. అంటే క్లిక్కుకి డిరైలర్ అంత జరగాలి. షిమానో పాత 10 గేర్ల సెట్టులో కేబుల్ 1 మిల్లీమీటర్ లాగితే డిరైలర్ దాదాపు 1.7 మిల్లీమీటర్లు కదులుతుంది. కాబట్టి క్లిక్కుకి కేబుల్ సుమారు 2.3 మిల్లీమీటర్లు లాగితే చాలు. శ్రామ్ ఇదే నిష్పత్తిని 1.3 దగ్గర పెట్టుకుంది. అక్కడ క్లిక్కుకి సుమారు 3 మిల్లీమీటర్లు లాగాలి. ఎక్కువ కేబుల్ లాగడం అనవసరమైన శ్రమలా కనిపిస్తుంది. మరెందుకు?

కేబుల్ కొత్తలో ఉన్నట్టు ఎప్పుడూ ఉండదు. దుమ్ము చేరుతుంది, తొడుగు నలుగుతుంది, కాస్త సాగినట్టవుతుంది. దానివల్ల 0.3 మిల్లీమీటర్ తేడా వచ్చిందనుకుందాం. 1.7 నిష్పత్తిలో ఆ తేడా డిరైలర్ దగ్గరికి చేరేసరికి 0.51 అవుతుంది. 1.3 నిష్పత్తిలో 0.39 మాత్రమే. అవసరమైన కదలిక 3.95 మిల్లీమీటర్లే అయినప్పుడు ఈ తేడా చిన్నదేం కాదు. చైన్ గరగరమంటుందా, నిశ్శబ్దంగా తిరుగుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. గేర్లు పెరిగేకొద్దీ చక్రాల మధ్య దూరం తగ్గుతుంది, కేబుల్‌లో వచ్చే పొరపాటు మాత్రం తగ్గదు. 11 గేర్ల తరానికి వచ్చేసరికి షిమానో కూడా తన నిష్పత్తిని తగ్గించుకుంది.

చూడండి, ఇందులో ఉన్నది మీ సిలబస్సే. టాలరెన్స్, లివరేజ్, ఎర్రర్ పెరగడం. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా రాసి వదిలేసినవే. ఇంటర్వ్యూలో ఈ రెండు అంకెల మధ్య తేడాను పెన్నూ కాగితంతో రెండు నిమిషాల్లో వివరించగలిగితే, మీ రెజ్యుమేలో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ అని ప్రత్యేకంగా రాయక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకో చిన్న లెక్క. శ్రామ్ 2019 నుంచి తన 12 గేర్ల సెట్టులో అన్నిటికన్నా చిన్న చక్రానికి 10 పళ్లు పెట్టింది. షిమానోది 11 దగ్గరే ఆగింది. ముందు 48 పళ్లు, వెనక 10 ఉంటే నిష్పత్తి 4.8. ముందు 52, వెనక 11 ఉంటే 4.73. అంటే ముందు చక్రం చిన్నదైనా వేగం తగ్గలేదు. లాభమే కదా? కానీ 10 పళ్ల మీద చైన్ లింకు ఒక్కొక్కటీ 36 డిగ్రీలు మడతపడాలి, 11 మీద 33 కంటే తక్కువ. మడత పెరిగితే రాపిడి పెరుగుతుంది, కదలికలో కుదుపూ పెరుగుతుంది. ఏదీ ఊరికే రాదు.

ఈసీఈ, సీఎస్ఈ వాళ్లకు కూడా

మాకిందులో ఏముంది అని మిగతా బ్రాంచీలవాళ్లు పేజీ తిప్పెయ్యొద్దు. కేబుల్ పొరపాటును తగ్గించుకుంటూ వచ్చిన కంపెనీలు చివరికి కేబుల్‌నే తీసేశాయి. షిమానో 2009లో డీఐ2 పేరుతో డ్యూరా-ఏస్‌కు మోటార్లు, తీగలు పెట్టింది. శ్రామ్ 2015లో తీగలు కూడా లేకుండా ఈట్యాప్ తెచ్చింది. కుడి మీట నొక్కితే బరువైన గేరు, ఎడమది నొక్కితే తేలిక గేరు, రెండూ కలిపి నొక్కితే ముందు చక్రం మారుతుంది. డబుల్ ట్యాప్ మెలిక దాంతోనే పోయింది.

బ్యాటరీ ఎక్కడ పెట్టాలన్న దగ్గర మళ్లీ దారులు చీలాయి. శ్రామ్ ఒక్కో డిరైలర్‌కూ ఒక్కో చిన్న బ్యాటరీ తగిలించింది. రెండూ ఒకే రకం కాబట్టి దారిలో వెనకది అయిపోతే ముందుది తీసి వెనక పెట్టుకుని ఇల్లు చేరొచ్చు. షిమానో 2021లో మీటల్ని వైర్‌లెస్ చేసింది గానీ, డిరైలర్లు రెండింటికీ సీటు గొట్టంలో దాచిన ఒకే బ్యాటరీ నుంచి తీగలు లాగింది. ఛార్జింగ్ ఒక్కచోటే, మరిచిపోయే వస్తువులు తక్కువ. బిగించేటప్పుడు మాత్రం పని ఎక్కువ.

వైర్‌లెస్ అనగానే ఇంకో ప్రశ్న రావాలి: ఈ సిగ్నల్‌ను ఇంకెవరైనా పంపగలరా? 2024లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఇదే పరీక్షించారు. డీఐ2 మీట పంపే రేడియో సంకేతాన్ని రికార్డు చేసి, 10 మీటర్ల దూరం నుంచి తిరిగి పంపితే గేరు మారిపోయింది. సంకేతాన్ని విడదీసి చదవాల్సిన పనే పడలేదు, పాతదాన్ని మళ్లీ వినిపిస్తే చాలు. దీన్నే రీప్లే దాడి అంటారు. రేసులో పక్కవాడి గేరు మార్చెయ్యడమంటే మాటలా? షిమానో ఆ పరిశోధకులతో కలిసి ఫర్మ్‌వేర్‌ను సరిదిద్దింది. నెట్‌వర్క్ సెక్యూరిటీ సబ్జెక్టులో చదివిన అధ్యాయమే ఇది, సైకిల్ మీద కనిపించేసరికి కొత్తగా అనిపిస్తుందంతే.

బీకాం, బీబీఏవాళ్ల కోసం కోర్టు కథ ఒకటి. శ్రామ్ 1987లో షికాగోలో మొదలైన చిన్న కంపెనీ. హ్యాండిల్ పిడిని మెలితిప్పితే గేరు మారే గ్రిప్ షిఫ్ట్ దాని తొలి వస్తువు. అప్పట్లో షిమానో తన గేరు సరంజామా మొత్తం సెట్టుగా కొన్న సైకిల్ కంపెనీలకు 10 శాతం రాయితీ ఇచ్చేది. ఒక్క మీట శ్రామ్‌ది పెట్టినా రాయితీ పోతుంది. లాభాలే అంతంతమాత్రమైన వ్యాపారంలో ఆ 10 శాతం వదులుకునేదెవరు? శ్రామ్ 1990లో కోర్టుకెక్కింది, 1991లో రాజీ కుదిరింది. మన కాంపిటీషన్ చట్టం, 2002లో ‘టై-ఇన్’ ఒప్పందాల గురించి చదివేటప్పుడు ఈ కేసు గుర్తు పెట్టుకుంటే సెక్షన్ దానంతటదే అర్థమవుతుంది.

ఇవన్నీ ఖరీదైన వస్తువులు కదా, మనకెక్కడ దొరుకుతాయి అంటారా? నిజమే. ఈ కంపెనీల టాప్ సెట్టు పెట్టే డబ్బుతో కొత్త కమ్యూటర్ మోటార్‌సైకిల్ కొనుక్కుని ఇంకా పెట్రోలుకు మిగుల్చుకోవచ్చు. సైకిల్ విడిభాగాల డిజైన్ ఉద్యోగాలు కూడా మన దగ్గర కుప్పలు తెప్పలుగా ఏమీ లేవు. సైకిల్ పరిశ్రమ అంటే ఎక్కువగా లూధియానా, చెన్నైల వైపే చూడాలి. కానీ ఇక్కడ చెప్పిన క్లిక్, నిష్పత్తి, రేడియో, ఫర్మ్‌వేర్ అన్నీ టూవీలర్, ఈవీ, రోబోటిక్స్ కంపెనీల్లో రోజూ పనికొచ్చేవే.

ఇక ప్రయోగానికి రోడ్ బైక్ అవసరం లేదు. టెన్త్‌లో తొక్కి మూలన పడేసిన గేరు సైకిల్ ఇంట్లో ఉంటే చాలు. పిడి మెలితిప్పే రకం, షిమానో 7 గేర్లది అయితే మరీ మంచిది. ఫ్రేమ్ మీద తొడుగు లేకుండా కనిపించే కేబుల్ భాగంపై చిన్న టేపు ముక్క అంటించి, పక్కన స్కేలు కట్టండి. వెనక చక్రాన్ని పైకెత్తి, పెడల్ తిప్పుతూ ఒక్కో క్లిక్కుకీ టేపు ఎంత జరిగిందో రాసుకోండి. మొదటి క్లిక్కును లెక్కలోంచి తీసెయ్యండి, అందులో కేబుల్ వదులు కూడా కలిసిపోతుంది. 7 గేర్ల చక్రాల మధ్య దూరం సుమారు 5 మిల్లీమీటర్లు. మీ కొలత 3 మిల్లీమీటర్లకు దగ్గరగా వస్తే పైన చెప్పిన 1.7 సరిపోయినట్టే. రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోండి. రెండో దానికే ఎక్కువ సమయం పడుతుంది.