నల్ల తామరకు మందొక్కటే మార్గం కాదు

గుంటూరు: 2021 ఖరీఫ్‌ను మిర్చి రైతులు ఇప్పటికీ మరచిపోలేదు. పూతదశలో నల్ల తామర పురుగు విరుచుకుపడటంతో అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వేలాది ఎకరాల్లో పూత రాలిపోయింది. రెండు మూడు రోజులకోసారి మందు కొట్టినా ఫలితం కానరాక కొందరు పచ్చని తోటలను ట్రాక్టర్లతో దున్నేశారు. మందుల దుకాణంలో అప్పు మాత్రం మిగిలింది. లోపం మందులోనా, వాడిన తీరులోనా అన్నది నారు పోయకముందే తేల్చుకోవాల్సిన విషయం.

పువ్వులోనే తిష్ఠ

ఏళ్లుగా ఇక్కడున్న తామర పురుగు లేత ఆకులను గోకి రసం పీలుస్తుంది. ఆకులు పైకి ముడుచుకుంటాయి. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పూలలో గుంపులుగా చేరుతుంది. దేశంలో దీన్ని తొలుత 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించారు. పువ్వు లోపల దాగటంతో మందు సరిగా తగలదు. కోశస్థ దశను ఎక్కువగా నేలలో గడుపుతుంది కనుక, కొట్టిన కొద్దిరోజులకే కొత్త పురుగులు మొక్కపైకి చేరుతాయి.

ఏది ఎంతవరకు?

సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చవక. అయితే మిత్రపురుగులూ చనిపోయి తామర మళ్లీ ఉద్ధృతమవుతుంది. అందుకే వీటిని వాడవద్దని శాస్త్రవేత్తలు సూచిస్తున్నారు. స్పైనటోరామ్, సయాంట్రానిలిప్రోల్ వంటివి మెరుగే గానీ ఖరీదెక్కువ. ఒకే మందును వరుసగా కొడితే పురుగు దాన్ని తట్టుకుంటుంది. నాలుగైదు కలిపి కొడితే ఖర్చు పెరగటమే కాక, కాయలో అవశేషాలు మిగిలి ఎగుమతికి అడ్డంకి ఏర్పడుతుంది.

వేపనూనె, బవేరియా నెమ్మదిగా పనిచేస్తాయి. పురుగు తక్కువగా ఉన్నప్పుడే వాడాలి. బవేరియా శిలీంధ్రం కనుక తేమ ఉన్నప్పుడు, సాయంత్రం వేళ కొట్టాలి. తెగుళ్ల మందులతో కలపరాదు.

నీలిరంగు జిగురు అట్టలు పురుగు రాకను ముందే తెలుపుతాయి, కొంత తగ్గిస్తాయి. అవి మాత్రమే పంటను కాపాడలేవు. మల్చింగ్ షీటు నేలలోని కోశస్థ దశకు అడ్డుపడుతుంది. చుట్టూ రెండు మూడు వరుసల జొన్న లేదా మొక్కజొన్న పక్క పొలం నుంచి వచ్చే పురుగును కొంత ఆపుతుంది. యూరియా తగ్గించటానికి పైసా ఖర్చు లేదు. నత్రజని మితిమీరితే లేత చిగుళ్లు పెరిగి పురుగును ఆకర్షిస్తాయి.

ఊరంతా కదిలితేనే

చిక్కు పెట్టుబడి దగ్గరే ఉంది. ఏడాదికోసారి పొలం మారే కౌలు రైతు మల్చింగ్‌కు వెనుకాడతాడు. మందు అప్పుగా ఇచ్చే వ్యాపారి మాటే అతనికి సలహా అవుతోంది. పైగా ఒక్క రైతు జాగ్రత్తపడినా పక్క తోటలో పురుగును వదిలేస్తే ప్రయోజనం అంతంతమాత్రమే. పూత రాకముందే గ్రామమంతా ఒకేసారి అట్టలు, వేపనూనెతో మొదలుపెట్టి, ఖరీదైన మందును అవసరమైనప్పుడే వాడితే ఖర్చు తగ్గుతుంది, దిగుబడి నిలబడుతుంది.