హేమంతమున లంక యిల్లు



గోదావరి లంకలలో స్వగృహము గల కుటుంబములవారు ఆ యింటికి పోవుట సాధారణముగా రెండు సమయములందే. వేసవిలో మామిడిపండ్లకై పోవుదురు. పుష్యమున సంక్రాంతికై పోవుదురు. పండుగయు పండును లేని మార్గశిరమాసమున, మంచు కురియుచుండగా పోయి, ఆ యింటి గోడలను, దొడ్డిని, అందున్న పెద్దలను చూచి రావలెనని తలచువారు తక్కువ. ఈ నెల మేము ముచ్చటింపదలచినది ఆ ప్రయాణమును గూర్చియే. వరద తీసిన పిమ్మట పండుగ సందడికి ముందు వచ్చు ఈ ఋతువుననే లంకలోని యిల్లు తన స్థితిని ఉన్నదున్నట్లు చెప్పును.

వాల్మీకి మహర్షి అరణ్యకాండమున హేమంతమును వర్ణించినది గోదావరీతీరమునందే. పంచవటినుండి సీతారామలక్ష్మణులు వేకువను నదీస్నానమునకు పోవుచుందురు. లక్ష్మణుడు మంచును, పండిన పైరులను, చలికి నీటిని తాక జంకు ప్రాణులను వర్ణించుచు, ఆ మాటలనడుమనే దూరమున నున్న భరతుని తలచుకొని, ఈ చలిలో ఆతడు సరయువున నెట్లు స్నానము చేయుచున్నాడో యని చింతించును. చలికాలమునకు ఈ గుణము కలదు. దూరమున ఒంటిగా నున్న మనవారిని అది మనకు జ్ఞప్తికి తెచ్చును.

లంక యనగా రావణుని లంక గాదని కోస్తావారికి చెప్పనక్కఱలేదు; ఇతర ప్రాంతముల సోదరీమణులకై వివరింతుము. ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలును. పి.గన్నవరము వద్ద వసిష్ఠనుండి వైనతేయ విడివడును. ఈ పాయలలో నది తెచ్చిన ఒండ్రు పేరుకొని యేర్పడిన దిబ్బలే లంకలు. 1852లో పూర్తియైన ఆనకట్టవలన డెల్టా పొలములు పచ్చబడినవి. ఏటిగట్లు ఆవలి గ్రామములను వరదనుండి కాపాడుచున్నవి. లంకలో పెక్కు గట్లకు లోపల, నదిలోనే యుండుటచే వానికి ఆ రక్షణ లేదు. కొన్ని లంకలకు వంతెనలున్నవి. కొన్నిటికి, కనకాయలంకకు వలె, వరద రాగానే మునిగిపోవు కాజువేలున్నవి. కొన్నిటికి నేటికిని పడవయే దారి. మా అత్తవారి లంక ఈ మూడవ కోవకు చెందినది.

బడికి సెలవు దొరకిన నాలుగు దినములలో మేము పిల్లలతో బయలుదేరితిమి. వరదలో రేవునుండి రేవునకు ఒక్కటే నీరు. మార్గశిరమున నది సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయటపడును; కొంతదూరము ఇసుకలో నడచి, నడుమ పాయను పడవపై దాటి, మరల ఇసుకలో నడువవలెను. ఉదయము ఏడు గంటలయినను ఆవలి యొడ్డు కానరాలేదు. మన డెల్టాలో చలి యనగా ఉత్తరదేశపు చలి గాదు. ఇంచుమించు 20 డిగ్రీలే. అయినను నీటిమీది గాలి చెవులను కోయును. పిల్లల చెవులకు ఉన్నిగుడ్డలు చుట్టి, వారి నడుమ కూరల బుట్ట నుంచుకొని దాటితిమి.

మా అత్తగారిది పెంకుటిల్లు. మనిషి రొమ్మెత్తు పునాదిపై కట్టినది. వీధిగుమ్మము ప్రక్క గోడమీద రెండు గీతలున్నవి. మీదిది 1986 ఆగస్టు వరదది. భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు వచ్చిన సంవత్సరమది. దానిని మా మామగారు బొగ్గుతో గీచిరి. జానెడు క్రిందనున్నది 2022 జూలై వరదది. ఆ యేడు భద్రాచలమున 71.3 అడుగులు. మామగారు అప్పటికి లేరు. ఆ గీతను అత్తగారే గీచినారు.

నీరు తీసినపిమ్మట ఇంటిలో నిలుచునది ఒండ్రు. అది తడిగా నున్నప్పుడే పారతో లాగివేయవలెను; ఎండినచో రాయివలె గట్టిపడును. ఆ ఒండ్రునే దొడ్డిలో పఱచినచో వంగ, మిర్చి, దోస ఎరువు లేకయే విరుగకాయును. ఇంటిని పాడుచేసిన నీరే దొడ్డిని బాగుచేయును. ఈ రెండును చూచినవారికి గాని లంకవారు ఏల కదలరో బోధపడదు.

అయితే నది ఇచ్చుట తగ్గి తీసికొనుట హెచ్చినది. మా దొడ్డి చివర నాలుగు వరుసల కొబ్బరిచెట్లుండెడివి. రెండు వరుసలు ఏటిపాలైనవి. పాసుపుస్తకములో ఆ భూమి ఇంకను ఉన్నది, నేలమీద నీరున్నది. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోవుటచే డెల్టాకు వచ్చునది పూర్వముకంటె చాల తగ్గినదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మిగిలిన చెట్లకును ఏటిగండికిని నడుమ దూరమును మా పిల్లలు నడచి లెక్కించిరి, నలుబది అడుగులు.

ఆ రాత్రి కుంపటిచుట్టు కూర్చున్నప్పుడు అసలు మాట వచ్చినది. మా మఱదిగారు హైదరాబాదునుండియు, ఆడుబిడ్డ విశాఖపట్టణమునుండియు ఆ దినములకే వచ్చియుండిరి. ఒకరు ఇల్లు అమ్మివేయుదమనిరి. ఒకరు అమ్మను పట్టణమునకు తీసికొనిపోయి ఇంటికి తాళము వేయుదమనిరి. మా యింటివారు ఏమియు ననలేదు. అత్తగారు అంతయు విని, "నన్నెక్కడ నుంచవలెనో అందఱును చెప్పుచున్నారు, నాయనా! నేనెక్కడ నుండదలచితినో ఒక్కరును అడుగలేదు" అనినారు.

అప్పుడడిగితిమి. ఆమె చెప్పినది మూడు మాటలు. మొదటిది, తనకు నీటిభయము లేదు. నీరు చెప్పియే వచ్చును. రెండవది, పట్టణములో ఉదయమునుండి సాయంకాలమువఱకు మూసిన తలుపు వెనుక కూర్చుండుట తనవల్ల కాదు. లంకలో తన కాగుపొయ్యినుండి పొగ రాకున్నచో ఎనిమిది గంటలకెల్ల పొరుగువారు వచ్చి పలుకరింతురు. ఇది వట్టిమాట గాదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ నది దాటి వచ్చినవారికి అన్నము వండి పెట్టి అపరాన్నపూర్ణ యనిపించుకొనిరి. అట్టి పొరుగుదనము ఆ ప్రాంతమున నేటికిని మిగిలియున్నది. మూడవ మాట చెప్పుటకు ఆమె కొంత ఆలస్యము చేసిరి. కన్ను మందగించినదనియు, వరదరాత్రి చీకటిలో పడవలోనికి అడుగు వేయుటకు మాత్రము భయమగుచున్నదనియు చెప్పిరి.

ఆ మూడవ మాటతో దారి తెరపినది. అమ్ముటయు కాదు, తాళము వేయుటయు కాదు. వరదలు వచ్చు ఆషాఢమునుండి ఆశ్వయుజము ముగియువఱకు ఆమె మా యింట నుండవలెను. కార్తికమున మరల లంకకు పోవలెను. ముగ్గురి కుటుంబములును హేమంతమున ఒక్కొక్క వారము వంతున వచ్చి ఇంటి మరమ్మతు చూడవలెను; ఖర్చు మూడు పాళ్లు. ఇది యెంతకాలము సాగవలెనను ప్రశ్నకు సమాధానము కూడ ఆమెయే యిచ్చిరి. ఏరు దొడ్డిలోని నూతిగట్టును తాకిననాడు తన చేతితోనే తాళము వేసి వచ్చెదనని చెప్పిరి. ఆ మాట విని మఱదిగారు కన్నులు తుడుచుకొనిరి. అమ్మకపు మాట అంతటితో ఆగినది.

ఇట్టి యిల్లు గల సోదరీమణులకు మా అనుభవమున తేలిన కొన్ని పనులు చెప్పుదుము. పెంకులు దించి విఱిగినవి మార్చుటకు చలికాలమే అనుకూలము; వాన లేదు, ఎండ తీవ్రము గాదు. దూలములను, ద్వారబంధములను వ్రేలితో తట్టి చూడవలెను. డొల్లగా మ్రోగినచో చెదపట్టినదని యెఱుంగునది. నూతినీరు తోడించి బ్లీచింగు పొడి వేయింపవలెను. ధాన్యమునకును పఱుపులకును అటక సరిచేసికొనవలెను. ఆ అటక గోడమీది పై గీతకంటె ఎత్తుగా నుండవలెను. భూమికాగితములను, ఆధారు కార్డులను రేకుపెట్టెలో పెట్టి వరదకాలమున పట్టణములోని కుమార్తెయొద్ద నుంచుట మేలు.

మఱియొకటి. వంటయింటి గోడమీద కొన్ని అంకెలు పెద్దవిగా వ్రాసి యుంచుడు. భద్రాచలమున 43, 48, 53 అడుగులకు వరుసగా మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలు. ధవళేశ్వరమున 11.75 అడుగులకు మొదటిది, 13.75కు రెండవది, 17.75కు మూడవది, వానికి సరిపడు ప్రవాహము 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలమున నీరు పెరిగినను అది దిగువకు చేరుటకు కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధియే లంకవారికి ప్రాణాధారము. గర్భిణులు, బాలింతలు, వృద్ధులు మొదటి హెచ్చరికకే పగటివేళ గట్టు చేరవలెను. పశువులను రెండవదానివఱకు ఉంచరాదు. టెలిఫోనులో వార్త వచ్చునుగదా యనుకొందురేమో. కరెంటు పోయిననాడు గోడమీది అంకెలే పనికివచ్చును.

ఇవి యన్నియు ఒక యెత్తు. పెద్దవారిని అడుగుట యొక యెత్తు. మన యిండ్లలో వృద్ధస్త్రీని గూర్చిన నిర్ణయములు ఆమె ప్రక్కగదిలో నుండగా జరుగుచుండును. కొడుకులు ప్రేమచేతనే చేయుదురు. ప్రేమ యున్నంతమాత్రమున ఆమె మాట విన్నట్లు కాదు. కోడండ్రమగు మనము ఆ మాట నడిగించినచో సగము చిక్కు విడిపోవును. మీకును ఏటి యొడ్డుననో, లంకలోనో పెద్దల యిల్లు ఒకటి యున్నయెడల, ఈ యేడు సంక్రాంతివఱకు ఆగక ముందే ఒకసారి పోయి రండు. గోడలు చూడుడు, నూయి చూడుడు, రాత్రి కుంపటియొద్ద కూర్చుండి ఆ పెద్దావిడను ఏమి కావలెనో అడిగి, ఆమె చెప్పునంతవఱకు ఓపికతో వినుడు.