పక్కింటివాళ్ళు కూడా చూస్తారు

సీఎస్‌ఈ చదువుతున్నామంటే ఊళ్ళో అందరి దృష్టిలో మనం వీడియో ఎడిటర్లమే. సెలవులకి ఉదయగిరి వెళ్ళినప్పుడల్లా మా చర్చి పిలకాయలు "అక్కా, రీల్స్ చేసిపెట్టవా, వ్యూస్ బాగా రావాలి" అంటారు. ఎడిటింగ్ నాకు ఇష్టమే. నా పేచీ అంతా ఆ వ్యూస్‌తోనే.

క్యాథలిక్కులకి మీడియా కొత్తేమీ కాదు. 1963లోనే రెండో వాటికన్ మహాసభ పత్రికలు, సినిమా, రేడియో, టీవీల మీద ప్రత్యేకంగా ఒక డిక్రీ ఇచ్చింది. తెలుగువాళ్ళకి సికింద్రాబాద్‌లో అమృతవాణి ఉంది. రేడియో వెరితాస్ ఆసియా ఫిలిప్పీన్స్ నుంచి షార్ట్‌వేవ్‌లో తెలుగు కార్యక్రమాలు పంపేది. 2018లో షార్ట్‌వేవ్ ఆపేసి పూర్తిగా ఆన్‌లైన్‌కి వచ్చేసింది.

వీటన్నిటికంటే ఎక్కువ మంది తెలుగువాళ్ళకి తెలిసింది మాత్రం 1978లో వచ్చిన 'కరుణామయుడు'. క్రిస్టఫర్ కొయెలో అనే ఫ్రాన్సిస్కన్ ఫాదర్ ఆ సినిమాకి పనిచేశారు. థియేటర్లలో ఆడాక కూడా దాన్ని ఏళ్ళ తరబడి పల్లెల్లో తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి వేశారు. క్యాథలిక్కులే కాదు, మిగతా సంఘాలవాళ్ళూ వేశారు. యేసుగా కనిపించిన విజయచందర్ 1986లో షిరిడీ సాయిబాబాగా కూడా నటించారు. జనం రెండింటినీ ఆదరించారు.

వీధిలో తెర కడితే ఎవరైనా వచ్చి కూర్చుంటారు. నచ్చకపోతే లేచి వెళ్ళిపోతారు, లేదా వేసినవాళ్ళనే నిలదీస్తారు. అందుకే అక్కడ కథ చెప్పాలి గానీ పక్కవాళ్ళ దేవుణ్ణి తిట్టడం కుదరదు. ఫోన్‌లో అలా కాదు. రికమండేషన్ సిస్టమ్‌కి మన భక్తితో పనిలేదు, ఎంతసేపు చూశామన్నదే కావాలి. ఇప్పటికే ఒప్పుకునేవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. కోపం తెప్పించే మాటకి కామెంట్లు ఎక్కువ, కాబట్టి రీచ్ కూడా ఎక్కువ. వ్యూస్ కోసం పరిగెత్తితే మన మాట మెల్లగా అటే జారుతుంది.

"మనవాళ్ళ కోసం చేసుకునే వీడియోకి బయటివాళ్ళ గోలెందుకు?" అని అడిగారు. బయటికి పోని వీడియో ఏదైనా ఉందా? అందులోంచి ముప్పై సెకన్లు కత్తిరించి ఫార్వర్డ్ చేస్తే సాయంత్రానికల్లా ఆత్మకూరు వాట్సాప్ గ్రూపుల్లో ఉంటుంది. ఆత్మకూరు పక్కనే ఏఎస్ పేట దర్గా. అక్కడికి అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. ఇలా కలిసి బతికే చోట ఒక్క క్లిప్ చేసే గాయానికి డిలీట్ బటన్ మందు కాదు.

కార్లో అక్యూటిస్ గురించి వినే ఉంటారు. పదిహేనేళ్ళకే లుకేమియాతో 2006లో చనిపోయాడు. 2025 సెప్టెంబర్ 7న పునీతుడిగా ప్రకటించారు. వెబ్‌సైట్లు చేసే కుర్రాడు. దివ్యసత్ప్రసాద అద్భుతాలని ఓపిగ్గా సేకరించి, దేశాలవారీగా అమర్చి ఆన్‌లైన్‌లో పెట్టాడు. తను నమ్మినదాన్ని చూపించడానికి ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు.

అందుకే మా పిలకాయలకి మూడు షరతులు పెట్టాను. న్యూస్ రీడర్ తెలుగు వద్దు, "ఎట్టుండారు" అని మన యాసలోనే మాట్లాడాలి. ప్రశ్న అడిగినవాళ్ళకి సిస్టరో ఫాదరో ఉపదేశో, ఎవరో ఒక మనిషి జవాబివ్వాలి. అప్‌లోడ్ చేసే ముందు చర్చికి రాని ఒక ఫ్రెండ్‌కి చూపించాలి. ఆ ఫ్రెండ్ ముందు ప్లే చేయడానికి మొహమాటం వేస్తే, ఆ రీల్ నేను ఎడిట్ చెయ్యను.