పూడ్చకముందే వాలు చూడండి

నెల్లూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

కేంద్ర సంస్థ హడ్కో ఇచ్చిన రుణంతో నగరంలో భూగర్భ డ్రైనేజీ పైపులు వేశారు. వీధి పైపు నుంచి ఇంటిదాకా పైపు కలిపే పని మాత్రం మా వీధిలో దొరికిన మేస్త్రీల చేతిలో పడింది. ఒక్కొక్కరిది ఒక్కో రేటు, రసీదు ఉండదు. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు 1 అడుగు వాలు కావాలి. అది చూడకుండానే మట్టి కప్పేశారు. గట్టి వాన పడితే మురుగు మరుగుదొడ్డిలోకి ఎగదన్నుతోంది. పక్కనే మంచినీటి పైపు ఉంది, పిల్లలు తాగేది ఆ నీళ్లే.

లైసెన్సు ఉన్న ప్లంబర్ల పేర్లు, మీటరుకు రేటు ప్రతి వార్డు సచివాలయంలో అంటించండి. గుంత పూడ్చకముందే మీ ఇంజనీరు వాలు కొలిచి సంతకం చేయాలి. మురుగు అడ్డుపడినప్పుడు శుభ్రం చేయడానికి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించడం 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరమని కాంట్రాక్టర్లకు రాతపూర్వకంగా చెప్పండి. వానలు మొదలయ్యేలోపే వీటిపై ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
నెల్లూరు పౌరుడు